క్రీజులో నిలిచేదెవరు?

సొంతగడ్డపై 124 పరుగులు చేస్తే గెలిచే టెస్టులో మన జట్టు 93కే చేతులెత్తేసింది. 2025 నవంబరులో కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్‌లో దక్షిణాఫ్రికా చేతిలో ఎదురైన ఆ ఓటమిని చాలామంది పిచ్ ఖాతాలో వేశారు. పిచ్ బాగాలేదన్నది నిజమే. మ్యాచ్ మూడో రోజే ముగిసిపోయింది. ఏ బంతి ఎంత లేస్తుందో, ఎంత తిరుగుతుందో చెప్పలేని పరిస్థితి. కానీ అదే పిచ్‌పై దక్షిణాఫ్రికా కెప్టెన్ టెంబా బవుమా 136 బంతులాడి 55 పరుగులతో అజేయంగా నిలిచాడు. మ్యాచ్ మొత్తంలో నమోదైన అర్ధసెంచరీ అదొక్కటే.

రెండో రోజు ఆట ముగిసేసరికి దక్షిణాఫ్రికా స్కోరు ఏడు వికెట్లకు 93, ఆధిక్యం 63 మాత్రమే. మ్యాచ్ మన చేతుల్లోకి వచ్చేసిందని అందరూ అనుకున్నారు. మర్నాడు ఉదయం బవుమా, కార్బిన్ బాష్ కలిసి ఎనిమిదో వికెట్‌కు 44 పరుగులు జోడించారు. చివరికి మనం ఓడింది 30 పరుగుల తేడాతో. అంటే ఈ మ్యాచ్‌ను తేల్చింది ఆ ఒక్క భాగస్వామ్యమే. బవుమా ఆటలో కొత్త షాట్ ఏమీ లేదు. బంతిని చివరిదాకా చూశాడు, చేతులు బిగించకుండా డిఫెన్స్ ఆడాడు, సింగిల్ దొరికితే తీశాడు. బ్యాటును దాటిపోయిన బంతి గురించి మథనపడకుండా తర్వాతి దానికి సిద్ధమయ్యాడు. మరి మనవాళ్లు? మెడ గాయంతో కెప్టెన్ గిల్ బ్యాటింగ్‌కు రాలేకపోయిన మాట నిజం. ఉన్నవాళ్లలో వాషింగ్టన్ సుందర్ ఒక్కడే 92 బంతులు కాచుకుని 31 పరుగులు చేశాడు. చివర్లో అక్షర్ పటేల్ స్పిన్నర్ మహరాజ్ ఓవర్లో ఒక ఫోర్, రెండు సిక్సర్లు కొట్టి ఆశ రేపాడు. అదే ఓవర్లో మరో భారీ షాట్‌కు వెళ్లి బవుమాకే క్యాచ్ ఇచ్చాడు.

ఈ పిచ్ మేం కోరుకున్నదేననీ, మంచి డిఫెన్స్ ఉన్నవాళ్లు ఇక్కడ పరుగులు చేయగలిగారనీ మ్యాచ్ తర్వాత కోచ్ గంభీర్ అన్నారు. రెండో మాటతో మాకు పేచీ లేదు. అయితే ఆ డిఫెన్స్ ఉన్న బ్యాటర్లను వెతికి, నిలబెట్టి, నమ్మకం ఇవ్వాల్సింది జట్టు యాజమాన్యం, సెలక్టర్లే కదా!

తర్వాత గువాహటిలో పిచ్ మీద నింద వేసే అవకాశం కూడా లేకపోయింది. ఒక వికెట్‌కు 95 పరుగులతో బాగానే ఉన్న ఇన్నింగ్స్ చూస్తుండగానే ఏడు వికెట్లకు 122 అయిపోయింది. పేసర్ మార్కో యాన్సెన్ బౌన్సర్లు వేస్తుంటే ఒకరు పుల్‌కు వెళ్లి, మరొకరు క్రీజు దాటి ముందుకొచ్చి వికెట్లు పారేసుకున్నారు. ఆ ఇన్నింగ్స్‌లో అందరికంటే ఎక్కువ బంతులు, 134, ఆడింది స్పిన్నర్ కుల్‌దీప్ యాదవ్! చివరికి 408 పరుగుల తేడాతో ఓడాం. పరుగులపరంగా మన టెస్టు చరిత్రలోనే అతిపెద్ద పరాజయం అది. దక్షిణాఫ్రికా పాతికేళ్ల తర్వాత ఇక్కడ సిరీస్ గెలుచుకుపోయింది.

దూకుడుగా ఆడటం తప్పని మేం అనడం లేదు. 2022లో మెక్‌కల్లమ్ కోచ్‌గా, స్టోక్స్ కెప్టెన్‌గా బాధ్యతలు తీసుకునేనాటికి ఇంగ్లండ్ 17 టెస్టుల్లో ఒక్కటే గెలిచి ఉంది. ఓటమి భయంతో బిగుసుకుపోయిన ఆ జట్టుకు 'బజ్‌బాల్' అని పేరుపడ్డ వాళ్ల దూకుడు ఆట ఊపిరి పోసింది. ఆ వేసవిలోనే ఎడ్జ్‌బాస్టన్‌లో మన మీద 378 పరుగుల లక్ష్యాన్ని మూడే వికెట్లు కోల్పోయి కొట్టేశారు. 2024 జనవరిలో మన ఉప్పల్ స్టేడియంలో 190 పరుగులు వెనకబడి కూడా ఒలీ పోప్ 196తో మ్యాచ్‌ను తిప్పేసి 28 పరుగులతో గెలిచారు. స్వీపులు, రివర్స్ స్వీపులతో మన స్పిన్నర్ల లైన్ చెదరగొట్టిన ఆ ఇన్నింగ్స్ ఉప్పల్లో చూసినవారు ఇప్పటికీ చెప్పుకుంటారు. అదే ఏడాది కాన్పూర్‌లో వాన వల్ల రెండు రోజులు పూర్తిగా పోయాక బంగ్లాదేశ్‌పై మనవాళ్లు 34.4 ఓవర్లలోనే 285 పరుగులు చేసి డిక్లేర్ చేశారు, గెలిచారు. అప్పుడు బాదడం తప్ప వేరే దారి లేదు. సమయం చూసుకుని ఆడిన దూకుడు అది.

దూకుడును సిద్ధాంతంగా పట్టుకున్నప్పుడే చిక్కు వస్తుంది. ఉప్పల్ గెలుపు తర్వాత ఇంగ్లండ్ ఆ సిరీస్‌ను 4-1తో పోగొట్టుకుంది. రాజ్‌కోట్‌లో నిలకడకు మారుపేరైన జో రూట్ కూడా బుమ్రా బౌలింగ్‌లో రివర్స్ స్కూప్‌కు వెళ్లి స్లిప్‌లో దొరికిపోయాడు. ఆ టెస్టులో 434 పరుగులతో ఓడారు. తర్వాతి మ్యాచ్‌లో రాంచీలో తన పాత ఆటకు తిరిగివచ్చిన రూట్ 274 బంతుల్లో 122 నాటౌట్. 2025లో యాషెస్ సిరీస్ కోసం ఆస్ట్రేలియా వెళ్లాక పెర్త్‌లోనూ అదే కథ. రెండో ఇన్నింగ్స్‌లో ఆధిక్యం వంద దాటాక పోప్, బ్రూక్, రూట్ ఆఫ్‌స్టంప్ అవతలి బంతులకు డ్రైవ్ చేయబోయి ఆరు బంతుల వ్యవధిలో వెనుదిరిగారు. రెండు రోజుల్లోనే టెస్టు అయిపోయింది. ఆ మ్యాచ్‌ను ముగించిన ట్రావిస్ హెడ్ 83 బంతుల్లో 123 కొట్టాడు కదా అని అడగొచ్చు. హెడ్ ఎప్పుడూ అలాగే ఆడతాడు, కానీ ఆస్ట్రేలియా జట్టులో అందరూ హెడ్‌లా ఆడరు. తేడా అక్కడుంది.

మన దగ్గరే ఇంతకంటే మంచి పాఠం ఉంది. 2021 జనవరి, సిడ్నీ. చివరి రోజు పంత్ 118 బంతుల్లో 97 కొట్టి ఆస్ట్రేలియన్లను కంగారు పెట్టాడు. అవతల పుజారా 205 బంతుల్లో 77. వాళ్లిద్దరూ అవుటయ్యాక తొడ కండరం పట్టేసి పరుగు తీయలేని స్థితిలో మన హనుమ విహారి 161 బంతులు, వెన్నునొప్పితో అశ్విన్ 128 బంతులు ఎదుర్కొని మ్యాచ్‌ను డ్రా చేశారు. విహారి చేసినవి 23 పరుగులే. ఆ 23 వల్లనే సిరీస్ 1-1తో నిలిచి బ్రిస్బేన్‌కు వెళ్లింది. అక్కడి గాబా మైదానంలో పంత్ 89 నాటౌట్ అందరికీ గుర్తే. అదే రోజు పుజారా చేతికి, పక్కటెముకలకు, హెల్మెట్‌కు పదిసార్లకు పైగా దెబ్బలు తింటూ 211 బంతులాడి 56 పరుగులు చేశాడు. బౌలర్లు అలసిపోయింది అతని దగ్గర, పంత్ కొట్టింది ఆ అలసిన బౌలర్లను. ఇద్దరిలో ఏ ఒక్కరు లేకపోయినా ఆ సిరీస్ మనది కాదు.

నెల తిరక్కుండానే ఐపీఎల్ వేలంలో పుజారాకు దక్కింది కనీస ధర 50 లక్షలు. ఆ సీజన్లో ఒక్క మ్యాచ్ కూడా ఆడించలేదు. ఫ్రాంచైజీని తప్పుపట్టలేం, వాళ్ల ఆట వేరు. కానీ రోజూ నెట్స్‌కు వెళ్లే పదహారేళ్ల కుర్రాడు, కోచింగ్ ఫీజు కట్టే అతని తండ్రి దీన్ని చూసి ఏం నేర్చుకుంటారు? దంచగలిగేవాళ్లకు మన దగ్గర కొదవ లేదు. 2024 జనవరిలో హైదరాబాద్ ఓపెనర్ తన్మయ్ అగర్వాల్ రంజీలో అరుణాచల్‌పై 147 బంతుల్లోనే ట్రిపుల్ సెంచరీ కొట్టాడు. ఫస్ట్‌క్లాస్ క్రికెట్‌లోనే అత్యంత వేగవంతమైనది అది. అలాంటి ప్రతిభ ఇంకా రావాలి. తిరిగే బంతికి రెండు గంటలు కాచుకునే కుర్రాడు కూడా కావాలి.

ఆ ఆట మన ప్రాంతానికి కొత్తేమీ కాదు. కాలర్ పైకెత్తి స్టయిల్‌గా నడిచే మన ఎం.ఎల్.జయసింహ 1960లో ఇదే ఈడెన్‌లో ఆస్ట్రేలియాపై టెస్టు అయిదు రోజుల్లోనూ ఏదో ఒక సమయంలో బ్యాటింగ్ చేశాడు. అదే ఏడాది చివర్లో కాన్పూర్‌లో పాకిస్థాన్‌పై ఎనిమిది గంటలకు పైగా ఆడి 99 వద్ద రనౌటయ్యాడు. ఇదే మనిషి 1968లో బ్రిస్బేన్‌లో 74, 101 పరుగులతో అదరగొట్టాడు. జట్టుకు ఏది కావాలో అది ఆడాడు. 2001లో ఆస్ట్రేలియాపై లక్ష్మణ్ చేసిన 281 గురించి మాట్లాడేటప్పుడు అవతల ద్రవిడ్ 353 బంతులు నిలిచాడన్న సంగతి మరవకూడదు. మొన్న 2024 డిసెంబరులో మెల్‌బోర్న్‌లో విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి సెంచరీ కొట్టడానికి వాషింగ్టన్ 162 బంతులాడి చేసిన 50 అంతే తోడ్పడింది.

పుజారాను 2023లో పక్కనపెట్టాక మూడో స్థానంలో గిల్ ఆడాడు, అతను నాలుగుకు మారాక కరుణ్ నాయర్, సాయి సుదర్శన్, వాషింగ్టన్ వచ్చారు. ఆ ముగ్గురిలో ఎవరికీ కుదురుకునే సమయం ఇవ్వలేదు. గువాహటి రెండో ఇన్నింగ్స్‌లో సుదర్శన్ 139 బంతులాడి 14 పరుగులు చేశాడు. స్ట్రైక్ రేట్ చూసి పెదవి విరిచేవాళ్లుంటారు. మేం మాత్రం ఆ 139 బంతులనే చూస్తాం. అవతలి ఎండ్‌లో ఒకరు నిలిచి ఉంటే అది పనికొచ్చేది.

బీసీసీఐ చేయదగిన పనులు ఉన్నాయి. 2024లో ప్రకటించిన టెస్టు ప్రోత్సాహకం మంచి అడుగే. సీజన్లో 75 శాతానికి పైగా టెస్టులు తుదిజట్టులో ఆడినవారికి మ్యాచ్‌కు అదనంగా 45 లక్షలు అందుతోంది. ఆ ఆలోచనను రంజీ దాకా తీసుకెళ్లాలి. గంటలకొద్దీ బ్యాటింగ్ చేసే దేశవాళీ ఆటగాడికి టీ20లు లేకుండా కూడా కుటుంబం గడిచిపోవాలి. మొదటి రోజు నుంచే గిర్రున తిరిగే పిచ్‌లు అడగడం మానాలి. వాటిపై మన స్పిన్నర్లకూ, ఎదుటివాళ్ల స్పిన్నర్లకూ తేడా లేదని 2024లో న్యూజిలాండ్ చేతిలో 3-0తో ఓడినప్పుడే తేలింది. నాలుగో రోజు తిరిగే పిచ్ ఉంటే నైపుణ్యం ఉన్న బౌలర్‌కే వికెట్లు దక్కుతాయి, ఓపిక ఉన్న బ్యాటర్‌కే పరుగులు వస్తాయి. 2027 ఆరంభంలో ఆస్ట్రేలియా అయిదు టెస్టుల కోసం మన దేశానికి రావాల్సి ఉంది. ఆ సిరీస్‌కు మూడో నంబర్ బ్యాటర్ ఎవరో ఇప్పుడే తేల్చి, అయిదు టెస్టులూ ఆ స్థానం అతనిదేనని సెలక్టర్లు ముందుగానే అతనికి చెప్పాలి.