నిద్రమాత్రలు ఈ రాత్రే పారేయమంటున్న ఆ మెసేజ్

"డాక్టర్లు దాచే నిజాలు" అనే ఫార్వర్డ్ మళ్లీ వచ్చింది. ఈసారి బంధువుల గ్రూపులో, గంట తిరక్కుండానే అపార్ట్‌మెంట్ గ్రూపులో. నిద్రమాత్రలు మరీ తేలిగ్గా ఇచ్చేస్తున్నారట. ఒక్క మాత్ర వేసుకున్నా జీవితాంతం బానిసలేనట. ఎండోస్కోపీకి ఇచ్చే మత్తు ఇంజెక్షన్‌తో జ్ఞాపకశక్తి పోతుందట. అందుకని ఇంట్లో ఉన్న మాత్రలన్నీ ఈ రాత్రే చెత్తబుట్టలో వేసి జాజికాయ పాలు తాగాలట.

జాజికాయ పాలు ఇష్టమైతే చిటికెడు పొడి వేసుకుని తాగండి. దాని గురించి ఇంతకంటే మాట్లాడను.

ఒక్క మాత్రతో ఎవరూ బానిస కారు. రోజూ వేసుకుంటూ వారాలు గడిస్తే అలవాటు పడటం మొదలవుతుంది. రెండు నుంచి నాలుగు వారాలకు మించి వద్దనేది అందుకే.

ఎండోస్కోపీలో మిడజోలమ్ అనే మత్తుమందు ఇస్తే ఆ కాసేపు జరిగింది గుర్తుండదు. పాత జ్ఞాపకాలు ఎక్కడికీ పోవు. అక్కడ భయపడాల్సింది ఊపిరి మందగించడం గురించి. వేలికి క్లిప్పు పెట్టి ఆక్సిజన్ చూస్తూ ఉండేది అందుకే.

ఇక "ఈ రాత్రే పారేయండి" అన్న మాట. ఇది రాసినవాళ్లకు మనుషుల ప్రాణాలంటే లెక్కుందా? అల్ప్రాజోలమ్ లాంటి నిద్రమాత్ర మెదడును నెమ్మదింపజేసే గాబా అనే రసాయనానికి బలాన్నిస్తుంది. నెలల తరబడి రోజూ వాడితే మెదడు ఆ సాయానికి అలవాటుపడుతుంది. హఠాత్తుగా ఆపితే చేతులు వణుకుతాయి, చెమటలు పోస్తాయి, గుండె దడదడలాడుతుంది, కంటి మీద కునుకుండదు. కొందరికి ఒకటి రెండు రోజుల్లోనే ఫిట్స్ వస్తాయి. ప్రాణం కూడా పోవచ్చు.

నమ్మనివాళ్లు 2020 లాక్‌డౌన్‌ను గుర్తు తెచ్చుకోండి. కల్లు దుకాణాలు మూతపడగానే ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి జనం వరుస కట్టారు. వణుకుతున్నవాళ్లు, లేనిపోనివి కనిపిస్తున్నాయని అరుస్తున్నవాళ్లు, ఫిట్స్ వచ్చినవాళ్లు. కల్లు దొరక్క పిచ్చెక్కిందన్నారు చాలామంది. కల్తీ కల్లులో కలిపేది ఏమిటి? అల్ప్రాజోలమ్, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ అనే మత్తుమందులు. ఆ స్థితిలోకి మీ అమ్మనో నాన్ననో ఒక ఫార్వర్డ్‌తో నెట్టేస్తారా?

ఒక్క విషయంలో మాత్రం ఆ మెసేజ్ రాసినవాళ్లతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. మన దగ్గర ఈ మాత్రలు మరీ తేలిగ్గా ఇచ్చేస్తున్నారు. 2014 నుంచి అల్ప్రాజోలమ్ షెడ్యూల్ హెచ్1 అనే, అమ్మకంపై గట్టి నియమాలున్న మందుల జాబితాలో ఉంది. చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మినది రిజిస్టర్‌లో రాయాలి, ఆ రిజిస్టర్‌ను మూడేళ్లు దాచాలి. అయినా నలిగిన పాత చీటీ చూపించి ఏళ్ల తరబడి అదే 0.5 మి.గ్రా. స్ట్రిప్ తెచ్చుకునేవాళ్లు ఎంతమంది లేరు? రాత్రి బాత్రూమ్‌కు లేచి, మత్తులో తూలిపడి, తుంటి విరిగి మంచాన పడే పెద్దవాళ్ల బాధకు ఈ నిర్లక్ష్యమూ ఒక కారణం. ఈ మాత్ర మీద మద్యం కూడా తాగేవాళ్ల సంగతి ఇంకా ప్రమాదం, ఊపిరే ఆగిపోవచ్చు.

కాబట్టి మానాలి, నిజమే. మానే పద్ధతి వేరు. రోజూ ఎంత వేసుకుంటున్నారో, ఎంతకాలంగానో దాచకుండా డాక్టర్‌కు చెప్పండి. మోతాదును కొద్దికొద్దిగా, వారాల మీద, కొందరికైతే నెలల మీద తగ్గిస్తారు. కొందరికి ముందు డైజిపామ్‌కు మార్చి, తర్వాత దాన్ని తగ్గిస్తారు, అది ఒంట్లో ఎక్కువసేపు ఉంటుంది కనుక. దీర్ఘకాలపు నిద్రలేమికి మొదటి చికిత్స మాత్ర కాదు, నిద్ర అలవాట్లనూ ఆలోచనలనూ సరిదిద్దే సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ).

మీ గ్రూపులో ఆ మెసేజ్ ఉంటే తీసేయించండి. అది చదివి ఇప్పటికే మాత్రలు మానేసి వణుకుతున్నవాళ్లు ఎవరైనా ఉంటే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.