నీటి తరఫున ఒక ఫిర్యాదు

అమెరికాలో లూసియానా రాష్ట్రపు దక్షిణపు అంచున, గల్ఫ్ తీరంలో, నేల ఎక్కడ ముగిసిందో నీరు ఎక్కడ మొదలైందో సర్వేయరు కూడా తేల్చలేని చిత్తడిలో సెలవులు గడపడానికి ఏటా జనం ఆర్‌వీలు, అంటే పడక, వంటగది, మరుగుదొడ్డి ఉన్న చక్రాల ఇళ్లు, తోలుకుని వస్తారు. ఆర్‌వీ లేనివాళ్లు స్తంభాల మీద నిలబెట్టిన క్యాబిన్లు అద్దెకు తీసుకుంటారు. అందరూ వచ్చేది ప్రకృతి కోసమేనట. వచ్చిన పది నిమిషాలకు తలుపులు బిగించి ఏసీ వేస్తారు. అక్కడి పాత కాపు అయిన తేమకు జరుగుతున్న ఈ అన్యాయం గురించి ఎవరూ నోరు మెదపడం లేదు కనుక, దాని తరఫున వకాల్తా పుచ్చుకోక తప్పడం లేదు.

నా క్లయింటు సామాన్యమైనది కాదు. వేసవిలో ఈ తీరాన తుషార బిందువు 24, 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర రోజుల తరబడి తిష్ఠ వేస్తుంది. అంటే, అంతకంటే చల్లగా ఏ వస్తువు ఎదురైనా దాని మీద నీరై కూర్చునే హక్కు బయటి గాలికి ఉంది. లోపల ఏసీని 19కి దించినవాళ్లు ఆ హక్కుకు స్వయంగా పట్టా రాసిస్తున్నారు.

మన అదృష్టం, క్యాంపర్లలో అత్యధికులు తేమ పక్షమే. తడి తువ్వాళ్లు లోపలే ఆరేస్తారు. స్నానం చేస్తూ పైకప్పు ఫ్యాను వేయరు. కిటికీలు మూసి గ్యాసు పొయ్యి మీద పులుసు మరిగిస్తారు. ప్రొపేన్ కిలో మండితే కిలోన్నరకు పైగా నీటి ఆవిరి పుడుతుంది. సిలిండరులో నిప్పు తెచ్చుకున్నామని వాళ్ల భ్రమ, తెచ్చుకున్నది నీళ్లు. (కిటికీ సందు తెరవండి, కార్బన్ మోనాక్సైడ్ అలారం పనిచేస్తోందో లేదో చూసుకోండి అని చెప్పడం మా వాదనకు నష్టమే. అయినా చెప్పాలి. చచ్చినవాడు తువ్వాలు ఆరేయడు.)

ఏసీ విషయంలోనూ వాళ్ల సహకారం మరువలేనిది. ఫ్యాను మీటను ‘ఆటో’లో కాక ‘ఆన్’లో పెడతారు. కంప్రెసర్ ఆగినా ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది కనుక, ఏసీలోని చల్లటి గొట్టాల చుట్ట (కాయిల్) మీద కష్టపడి పోగైన నీళ్లన్నీ మళ్లీ ఆవిరై గదిలోకే వస్తాయి. 13,500 బీటీయూల (చల్లబరిచే శక్తికి కొలత అది) ఏసీ చాలదని, చిన్న ట్రెయిలరు మీద 15,000ది ఎక్కించినవాళ్లయితే మాకు ప్రాణమిత్రులు. అది గదిని చిటికెలో చల్లబరిచి ఆగిపోతుంది. తేమను లాగడానికి దానికి తీరికే దొరకదు. చల్లగా, జిగటగా పడుకోవచ్చు. ఇక చల్లగాలి పోయే మార్గానికీ, లోపలి గాలిని వెనక్కి లాగే మార్గానికీ మధ్య పైకప్పులో ఉండే అడ్డు సరిగా అతకని ఆర్‌వీలు కొల్లలు. రూపాయి పని చేయాల్సిన ఏసీ అర్ధరూపాయి పనే చేస్తుంది. కిందనున్న జాలీ విప్పి, ఆ సందులకు అల్యూమినియం టేపు అంటించే పాపాత్ములూ లేకపోలేదు. అరగంట పని. దానితో మేము చాలా నష్టపోతున్నాం.

పరుపు అడుగుకు రండి, మా సాధన అక్కడ కనపడుతుంది. పరుపు కింద సాధారణంగా ఉండేది ప్లైవుడ్ పలక. దాని కింద సామాన్ల అర, దానికి బయటి గాలి. రాత్రంతా ఒంటి వేడి, చెమట పరుపులోంచి కిందికి దిగి, గాలి ఆడని ఆ పలక దగ్గర చిక్కుకుంటాయి. వారం తర్వాత ఒక మూల ఎత్తి చూస్తే అడుగు గుడ్డ మీద ఆవాలు చల్లినట్టు నల్లటి చుక్కలు, వేలు పెడితే జిగురు, ముక్కు పెడితే పాత గోనెసంచి వాసన. దీన్ని అడ్డుకోవడానికి కొందరు పలక తీసేసి సందులున్న చెక్కబద్దలు వేస్తారు. కొందరు గాలి ఆడే అల్లిక చాప పరుస్తారు. తేమ కొలిచే మీటరు గోడకు తగిలించి, సాపేక్ష తేమ 50 శాతం దాటితే డీహ్యూమిడిఫయర్ వేసి, దాని గొట్టాన్ని సింకులోకి వదిలే మొండివాళ్లూ ఉన్నారు. తేమ పీల్చే కాల్షియం క్లోరైడ్ డబ్బాలు నాలుగు మూలలా పెట్టేవాళ్లతో మాత్రం మాకు పేచీ లేదు. మూసి ఉంచిన అలమరలో అవి పనికొస్తాయేమో గానీ, పిల్లలు నిమిషానికోసారి తలుపు తీసే ఆర్‌వీలో వాటిది ఉత్త హోమం.

క్యాబిన్‌వాళ్లు మాకేం భయమని నవ్వుతారు. స్తంభాల మీది ఇంటికి కింద నుంచే గాలి తగులుతుంది. ఏసీ అతిగా వేస్తే నేల పలక చల్లబడి, అడుగు నుంచి నీరు పీలుస్తుంది. పైన వినైల్ షీటు పరిచి ఉంటే ఆ నీరు గదివైపు ఆరే దారి లేదు. అడుగేస్తే నేల మెత్తగా దిగుతోందంటే అది కార్పెట్ సుఖం కాదు, కుళ్లు.

ఈలోగా కరెంటు లెక్క. 30 ఆంపుల కనెక్షన్ అంటే 120 వోల్టుల దగ్గర 3,600 వాట్లు, అంతే. ఏసీకి పదమూడో పద్నాలుగో ఆంపులు, వేడినీళ్ల హీటరుకు పన్నెండు, మైక్రోవేవ్‌కు మరో పన్నెండు. ఒకేసారి కాఫీ వేడి చేసుకోవాలన్న దురాశ పుట్టగానే బ్రేకర్ పడుతుంది. మధ్యాహ్నం వరసలో అందరూ ఏసీలు వేస్తే వోల్టేజీ దిగుతుంది. 104 వోల్టుల దగ్గర కరెంటు కట్ చేసే రక్షణ పెట్టె లేకపోతే కంప్రెసర్ కాలుతుంది. ఉప్పుగాలికి చిలుమెక్కిన సాకెట్లో వదులుగా కూర్చున్న ప్లగ్ వేడెక్కి, దాని కాళ్లు నల్లబడతాయి. వోల్టేజీ కొలిచి, బ్రేకర్ ఆపి, ప్లగ్ పెట్టి, అప్పుడు బ్రేకర్ వేయాలన్న క్రమం పాటించేవాణ్ణి పక్కవాళ్లు చాదస్తుడంటారు. మేమూ అదే అంటాం.

దోమల గురించి క్లుప్తంగా. ఉప్పు చిత్తడి దోమ గుడ్లు తడినేల మీదే కాచుకుని ఉంటాయి. పెద్ద పోటో వానో వచ్చి ముంచిందా, వేసవిలో వారం పది రోజుల్లో దండు తయారు. పట్టపగలే కుడతాయి. కిటికీ వలలోంచి దర్జాగా దూరివచ్చే నుసుములకు సన్ననేత వల, ముఖం మీదికి ఒక టేబుల్ ఫ్యాను తప్ప మందు లేదు. అవి గాలికి ఎదురు ఎగరలేవు.

మురుగు ట్యాంకు విషయంలో నా క్లయింటుపై అపవాదు ఉంది, దాన్ని తుడవాలి. చేరగానే గొట్టం తగిలించి మరుగుదొడ్డి ట్యాంకు వాల్వు తెరిచి ఉంచేవాళ్లు, నీళ్లు పోయి గట్టిది మిగిలి గోపురం కట్టాక, నీళ్లు తమ పని చేయలేదని తిడతారు. వాల్వు మూసి, ట్యాంకు మూడింట రెండొంతులు నిండాక తెరిస్తే నీరే తోసుకుపోతుంది. ఆ తర్వాత స్నానాల నీళ్ల ట్యాంకు వదిలితే గొట్టం కూడా కడుక్కుపోతుంది. తప్పు ఎవరిది?

చివరి అభ్యంతరం తుపానుల మీద. జూన్ 1 నుంచి నవంబరు 30 వరకు వాటి కాలం. 2021 ఆగస్టు 29న ఐడా తుపాను పోర్ట్ ఫూర్షాన్ దగ్గర గంటకు 150 మైళ్ల గాలితో తీరం దాటి, పక్కనున్న గ్రాండ్ ఐల్‌ను చితక్కొట్టింది. ఆ దీవికి ఉన్న రోడ్డు ఒక్కటే, లూసియానా హైవే 1. వరద కట్ట బయట పల్లంలో సాగే భాగంలో తుపాను లేకపోయినా పెద్ద పోటుకే నీళ్లెక్కుతుంది. కొందరు ఇది తెలుసుకుని, ట్యాంకులు ఖాళీ చేసి, టైర్లలో గాలి చూసి, డీజిల్ ముందే నింపి, ఇంకా ఎండ కాస్తుండగానే ట్రెయిలరు తగిలించుకుని వెళ్లిపోతారు. ఇది ఘోరం. ఎక్కడెక్కడి నుంచో సముద్రాన్ని తోలుకుని వచ్చిన తుపాను, ఖాళీ సిమెంటు గచ్చుతో ఏం చేసుకుంటుంది?