కాలువ కడగండి, కానీ చప్పుడు చెయ్యకండి

న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో గోవానస్ కాలువ ఒడ్డున కాపురముండే మాలాంటి వాళ్లకు ఎన్నడూ లేని కష్టం వచ్చిపడింది. కాలువను బాగుచేస్తున్నారు. ఈ దారుణాన్ని ఎవరో ఒకరు ఖండించాలి కదా, అందుకే ఈ నాలుగు ముక్కలు.

ముందు కాలువగారి వంశచరిత్ర వినండి. 1679లో ఇటుగా వచ్చిన డచ్చి యాత్రికుడొకడు ఇక్కడి ఆల్చిప్పల్లో అడుగు పొడవువి కూడా ఉన్నాయని మురిసిపోతూ రాసుకున్నాడు. 19వ శతాబ్దంలో ఆ వాగును కాలువగా తవ్వారు. ఒడ్డున బొగ్గునుంచి గ్యాస్ తీసే ప్లాంట్లు మూడు వెలిశాయి. గ్యాస్ ఊరి దీపాలకు పోయింది, తారు కాలువకు మిగిలింది. గట్టిగా వాన పడితే మురుగు నీళ్లూ అందులోకే. అలా అడుగున పేరుకున్నది సగటున 10 అడుగుల మందం. ఊళ్లో దాని ముద్దుపేరు నల్ల మయొనైజ్. 2007లో ఒక పిల్ల తిమింగలం దారితప్పి ఈ కాలువ మొగలోకి వచ్చి రెండో రోజే కన్నుమూసింది. చుట్టరికాలు కుదరవని అప్పుడే తెలిసింది.

2010లో ఈ కాలువను సూపర్‌ఫండ్ జాబితాలో చేర్చారు. అంటే దేశంలో అతి విషపూరితమైన చోట్ల పట్టీ. చేర్చవద్దని అప్పట్లో నగరపాలన వారే గట్టిగా పట్టుబట్టారు. ఆ ముద్ర పడితే బిల్డర్లు పారిపోతారట! నూట యాభయ్యేళ్ల తారుతో పోని పరువు కాగితం మీద పేరెక్కితే పోతుందన్నమాట. నాకు ఆ బాధ అర్థమవుతుంది, నేనూ ఫ్లాటు కొన్నవాణ్ణే.

2020 నవంబరులో పూడికతీత మొదలైంది. తియ్యమనే మేమూ అడిగాం. కానీ తియ్యడానికి యంత్రాలు వస్తాయని, వాటిని ఎక్కడో ఒకచోట నిలబెట్టాలని మాకెవరు చెప్పారు? బార్జీలనే చదును పడవలు, క్రేన్లు, ఇనుప పలకలు, తీసిన బురద, అన్నిటికీ ఒడ్డున యార్డు కావాలట. పాత గ్యాస్ ప్లాంటు స్థలమొకటి ఖాళీగా ఉంటే అక్కడ పెట్టారు. దశాబ్దాలుగా దాని పేరు 'పబ్లిక్ ప్లేస్'. పబ్లిక్ మాత్రం అడుగుపెట్టే వీల్లేదు, నేలంతా తారు. మాకు అదే హాయి. కడుపులో చల్ల కదలకుండా ఆ తారు పడుకునేది, మేమూ పడుకునేవాళ్లం. ఇప్పుడు గట్లు కూలకుండా ఇనుప పలకలు దిగ్గొడుతుంటే నా కాఫీ కప్పు సాసర్లో నాట్యం చేస్తోంది.

ఇక వాసన. తారును కెలికితే వచ్చేది అచ్చంగా కలరా ఉండల వాసన. రెండూ నాఫ్తలీనే మరి. పట్టుచీరల బీరువా తెరిచినట్టు ఒక్క క్షణం అమ్మమ్మ గుర్తొస్తుంది, రెండో క్షణం కిటికీ మూసేస్తాను. వేసవిలో పిల్లలు ఈదే పార్కు పూల్ కిందా ఇదే సరుకు ఉంది. తవ్వాలి, పూల్ మాత్రం మూయకూడదు. ఇంజనీర్లు ఆలోచించుకోవాలి.

మా పక్కపేట రెడ్ హుక్ వాళ్లను మాత్రం వెక్కిరించలేను. 2012 అక్టోబరు చివర శాండీ తుపాను వాళ్ల ఇళ్లు ముంచింది. రెండు నెలలు తిరక్కముందే ప్రభుత్వం నుంచి ప్రతిపాదన వచ్చింది: కాలువ పూడికలో విషం తక్కువున్న భాగాన్ని గట్టిపరచి మీ ఒడ్డున నింపుతాం, కొత్త నేల వస్తుంది అని. ఊరి మురికి మా వాకిట్లోనా అని వాళ్లు తిరగబడ్డారు. 2013లో ఆ ఆలోచన మానుకున్నారు. మా వీధిలో అప్పుడు నిరసన చేసినవాళ్లు నాకు గుర్తులేరు. మా మురికి మా గుమ్మం దాటి పోతుందంటే మాకేం అభ్యంతరం?

2021లో ఈ చుట్టుపక్కల సుమారు 8,500 కొత్త ఇళ్లకు దారి తెరిచారు. కొనేవాళ్లకు చూపించే రంగుల బొమ్మల్లో నీళ్లు నీలంగా ఉంటాయి, పడవల్లో పిల్లలుంటారు. క్రేను ఒక్కటీ కనబడదు. నేను అడుగుతున్నదీ ఆ బొమ్మే.

కాబట్టి అధికారులకు నా మనవి. పూడికను చెంచాలతో, రాత్రి పదికి ముందు, వాసన రాకుండా తియ్యండి. అది కుదరకపోతే బార్జిని కాస్త పక్క బిల్డింగు ముందుకు జరపండి. అక్కడున్నది ఎలాగూ అద్దెవాళ్లే.