బిల్లులు సరే, ఫలితం మాటేమిటి?

దాతృత్వ ట్రస్టు నుంచి గ్రాంటు అందుకున్న స్వచ్ఛంద సంస్థ ఏడాది చివర హడావుడిగా సిద్ధం చేసేది వినియోగ ధ్రువపత్రం. ఆడిటరు సంతకం, కొన్న వస్తువుల బిల్లులు, పంపిణీ వేళ తీసిన నాలుగు ఫొటోలు జతపడితే తదుపరి విడత సొమ్ము విడుదలవుతుంది. డబ్బు దారి తప్పలేదని తేల్చుకోవడానికి ఈ పద్ధతి అవసరమే గానీ, దానివల్ల ఎవరికేం ఒరిగిందో ఆ కాగితాలు చెప్పలేవు.

ఈ తేడా ఎంతటిదో మన బడులే చూపించాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్ర ప్రభుత్వం, అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకు కలిసి గ్రామీణ ప్రాథమిక పాఠశాలల్లో సాగించిన అధ్యయనాల్లో ఒకటి అచ్చంగా గ్రాంటు గురించే. లాటరీ పద్ధతిలో ఎంపికైన 100 ప్రభుత్వ బడులకు నోటుపుస్తకాల వంటి సామగ్రి కోసం సొమ్మిచ్చి, ఇవ్వని మరో 100 బడులతో పోల్చి చూశారు. మొదటి ఏడాది గ్రాంటు అందిన బడుల పిల్లలు పరీక్షల్లో ముందున్నారు. రెండో ఏడాదీ గ్రాంటు అందింది, సామగ్రీ వచ్చింది. చదువులో మాత్రం చెప్పుకోదగిన అదనపు మేలు కనిపించలేదు. బడి ఇస్తుందని ముందే తెలిసిన తల్లిదండ్రులు తాము పెట్టే ఖర్చును తగ్గించుకోవడమే ఇందుకు కారణమని 2013లో ప్రచురితమైన పరిశోధన పత్రం వివరించింది. వారిని తప్పుపట్టడానికి లేదు. పేదింట్లో మిగిలిన రూపాయి కోసం మరో అవసరం కాచుకునే ఉంటుంది. కానీ రెండేళ్ల వినియోగ ధ్రువపత్రాలను పక్కపక్కన పెట్టి ఎంత తిరగేసినా ఈ సంగతి బయటపడేది కాదు.

కంపెనీల సామాజిక బాధ్యత నిధుల విషయంలో కేంద్రం 2021 జనవరిలో ఒక అడుగు ముందుకు వేసింది. ఏటా సగటున రూ.10 కోట్లు, ఆపైన ఖర్చు చేయవలసిన కంపెనీలు, రూ.కోటికి తగ్గని ప్రాజెక్టులకు, అవి పూర్తయి ఏడాది గడిచాక స్వతంత్ర సంస్థతో ప్రభావ మదింపు చేయించాలని నిబంధన తెచ్చింది. స్వాగతించదగినదే. అయితే ఆరంభంలో పరిస్థితి ఎలా ఉందో ఎవరూ నమోదు చేయని చోట, పని ముగిశాక వచ్చే మదింపుదారు దేనితో పోల్చి చూడాలి? లబ్ధిదారులను కూర్చోబెట్టి ‘బాగుందా’ అని అడిగితే, సాయం అందుకున్నవారు బాగాలేదని ఎందుకు అంటారు? గ్రాంటు ఒప్పందం మీద సంతకం పెట్టే రోజే ఏం కొలుస్తారో, దేనితో పోలుస్తారో రాసుకోవాలి.

దానికయ్యే ఖర్చునూ దాతే భరించాలి. విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణ సంస్థల పరిపాలనా వ్యయ పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి కుదించింది. నివేదికలు రాసే ఖర్చు కూడా ఆ 20 శాతంలోనిదే. ఇద్దరు ముగ్గురు ఉద్యోగులతో నడిచే సంస్థకు రెండు లక్షల రూపాయలిచ్చి, త్రైమాసిక నివేదికలంటూ ఒక్కో ట్రస్టు ఒక్కో నమూనా పంపితే వారు ఊళ్లు తిరగడం మాని కాగితాలు నింపుతూ కూర్చోవలసిందే. చిన్న గ్రాంట్లకు ఒక క్షేత్ర పర్యటన, అరగంట సంభాషణ చాలు. లోతైన మదింపును పెద్ద మొత్తాలకు, ఇంకా రుజువు కాని ప్రయోగాలకు అట్టిపెట్టాలి.

కంపెనీలు తమ మదింపు నివేదికలను వార్షిక నివేదికకు జతచేయాలి. పన్ను మినహాయింపు పొందే ప్రైవేటు ట్రస్టులు ఆదాయపు పన్ను శాఖకిచ్చే ఆడిట్ నివేదిక మాత్రం లెక్కల దగ్గరే ఆగిపోతుంది. ఆ మినహాయింపు ప్రజాధనమే కనుక, ఫలించని గ్రాంట్లతో సహా తమ మదింపు నివేదికలను అవి స్వచ్ఛందంగా ప్రజల ముందుంచాలని మేము కోరుతున్నాం.