మామత్ పులుసుకి గోదారోళ్ళే దిక్కు

గోదావరి జిల్లాల్లో సంక్రాంతి అల్లుడి మర్యాద ప్రమాదకరమైన స్థితికి చేరిందని, ఈ సంగతి అటు ప్రభుత్వం గానీ ఇటు ప్రతిపక్షం గానీ ఇంతవరకు పట్టించుకోలేదని ముందుగా మనవి చేసుకుంటున్నాను. 2022 సంక్రాంతికి నరసాపురంలో కాబోయే అల్లుడి ముందు 365 రకాలు పెట్టారు. తర్వాతి ఏళ్ళలో ఆ అంకెనీ దాటేశారు. ఇప్పుడు పిల్లనిచ్చిన ప్రతి మామగారికీ డిసెంబరు నుంచే టెన్షన్. పులిహోరలో రకాలు అయిపోయాయి, బిర్యానీలో రకాలు అయిపోయాయి, చివరికి కూల్‌డ్రింకు సీసాల్ని కూడా లెక్కలో కలిపేస్తున్నారు. కోడి, మేక, పీత, రొయ్య, కౌజు పిట్ట, పందెంలో ఓడిన కోజ అన్నీ విస్తట్లోకి వచ్చేశాక ఇంకేముంది పెట్టడానికి? బతికున్న జంతువులు సరిపోవడం లేదు. అంతరించిపోయినవాటి వైపు చూడక తప్పదు.

ఇది నా ఒక్కడి పైత్యం అనుకోకండి. 2023 మార్చి 28న ఆమ్‌స్టర్‌డామ్‌లోని నెమో సైన్స్ మ్యూజియంలో ‘వావ్’ అనే ఆస్ట్రేలియా కంపెనీవాళ్ళు మామత్ మాంసంతో ఒక ఉండ చేసి లోకానికి చూపించారు. మామత్ అంటే ఒంటినిండా బొచ్చున్న పాతకాలపు ఏనుగు. దాని కండలో ఉండే మయోగ్లోబిన్ అనే ప్రోటీను తాలూకు జన్యు సమాచారం సంపాదించి, చిరిగిన చోటల్లా ఆఫ్రికా ఏనుగుతో అతుకులేసి, గొర్రె కణాల్లో పెట్టి పెంచారు. అంతా అయ్యాక, గాజు మూత తీశాక, కెమెరాలన్నీ దానివైపు తిరిగాక, ఎవరూ తినలేదు. వేల ఏళ్ళుగా మనిషి ఒంట్లోకి వెళ్ళని ప్రోటీను కదా, ఎవరికి ఎలా వికటిస్తుందో తెలియదు, అందుకని ఆగాం అన్నారు.

వండి, వడ్డించి, ఊరందర్నీ పిలిచి, తినకుండా లేచిపోవడం. ఇంతకన్నా అన్నానికి అవమానం ఉంటుందా? అదే ఉండని అమలాపురంలో పెట్టి చూడండి. “ముందు నేను చూస్తానండి, ఏదన్నా అయితే మా తమ్ముడున్నాడు చూసుకోడానికి” అంటూ లైను కడతారు. రెండో వాయిదాకి ఎవరో ఒకరు ఉప్పు తగ్గిందని కూడా చెబుతారు.

తెల్లవాళ్ళు మొదటినుంచీ ఇంత పిరికివాళ్ళేం కాదు. ఆక్స్‌ఫర్డ్‌లో భూగర్భ శాస్త్రం చెప్పిన విలియం బక్లాండ్ గారు ప్రతి జంతువునీ రుచి చూడాలని కంకణం కట్టుకున్నారు. 1824లో మొట్టమొదటిసారి ఒక డైనోసార్‌ని శాస్త్రీయంగా వర్ణించింది ఆయనే. దాన్ని తినే యోగం లేకపోయింది గానీ ఆ లోటు మిగతావాటితో తీర్చుకున్నారు. ఆయన ఇంటికి భోజనానికి వెళితే టోస్టు మీద ఎలుకలు వచ్చేవి. అన్నిట్లోకీ నేలలో బొరియలు తవ్వుకుని బతికే మోల్ అధ్వాన్నమని తేల్చి, ఆనక నీలి ఈగని తిని ఆ తీర్పు మార్చుకున్నారు. ఫ్రాన్సు రాజు పదునాలుగో లూయీ గుండెకాయని, ఎవరో దాచుకుని చూపిస్తే, నోట్లో వేసుకున్నారని ఒక కథ కూడా ఉంది. పెద్దమనిషి గౌరవం కోసం అది కథేనని అనుకుందాం. కొడుకు ఫ్రాంక్ తండ్రికి తగ్గ తనయుడు. లండన్‌లో ఒక జూలో చచ్చిన చిరుతని పూడ్చేశారని తెలిసి తవ్వించి తెప్పించుకున్నాడు. తిని, అంత బాగాలేదన్నాడు.

డార్విన్ గారిదీ ఇదే దారి. కేంబ్రిడ్జిలో చదువుకునే రోజుల్లో, మామూలుగా ఎవరూ తినని జంతువుల్ని తినడానికే స్నేహితులతో కలిసి ఒక క్లబ్బు నడిపాడు. ఒక ముసలి గుడ్లగూబ దగ్గర ఆ క్లబ్బు మూతపడింది. ఆ గుడ్లగూబకి ఎవరైనా విగ్రహం పెట్టించాలి. తర్వాత ఓడెక్కి దక్షిణ అమెరికా వెళ్ళాక, రియా అనే పెద్ద పక్షిలో ఒక చిన్న రకం ఉందని విని నెలల తరబడి దానికోసం వెతికాడు. ఒకరోజు తోటివాళ్ళు ఏదో పక్షిని కొట్టి తెచ్చి వండారు. అందరూ తింటున్నారు, ఈయనా తింటున్నాడు. తింటుండగా వెలిగింది, తను వెతుకుతున్నది ఇదేనని! అప్పటికి మిగిలిన తల, మెడ, కాళ్ళు, రెక్కలు ఏరుకుని ఇంగ్లండు పంపించాడు. దానికి తర్వాత ఆయన పేరే పెట్టారు. శాస్త్రం పురోగతి అంతా ఇలా ఎంగిలి కంచాల మీదే జరిగిందని మన పాఠ్యపుస్తకాలు ఎందుకు చెప్పవో నాకు అర్థం కాదు.

ఇక అలాస్కా సంగతి. 1979లో అక్కడ బంగారం తవ్వేవాళ్ళకి మంచులో గడ్డకట్టిన ఒక అడవిదున్న దొరికింది. వేల ఏళ్ళ కిందటిది, తోలు నీలంగా తిరిగింది, ఒంటి మీద సింహం గోళ్ళ గీతలున్నాయి. దాన్ని పరిశోధించిన డేల్ గుత్రీ అనే శాస్త్రవేత్త 1984లో మెడ దగ్గర కాస్త మాంసం కోసి ఇంట్లో కూర వండించి అతిథులకి పెట్టాడు. అందరూ తిన్నారు, అందరూ బతికారు. ఇంతవరకు నాకు గుత్రీ గారి మీద గౌరవమే. కానీ అందులో వేసిందేంటి? ఉల్లి, వెల్లుల్లి, క్యారట్, బంగాళాదుంప, వైను. చింతపండు లేదు. పచ్చిమిరపకాయ లేదు. మన్ను వాసన వచ్చిందట. రాదా మరి? పులస పులుసుని మట్టిదాకలో కట్టెలపొయ్యి మీద పెట్టి, సన్నసెగన మరిగించి, చివర్లో ఆవకాయ నూనె తేల్చి, ఆ రాత్రంతా ముట్టుకోకుండా ఉంచి మర్నాడు తినడం తెలిసిన మా పెద్దమ్మలాంటివాళ్ళని ఒక్కరిని విమానం ఎక్కించి ఉంటే ఆ దున్నకి ఇన్నివేల ఏళ్ళకైనా న్యాయం జరిగేది. ఒక్క రాత్రి ఊరితేనే అంత రుచి వచ్చే పులుసు మనది. వాళ్ళ చేతిలో మంచుయుగం నుంచి ఊరిన ముక్క ఉండి కూడా పాడుచేసుకున్నారు.

అయితే ఇదంతా రుచి కోసమని అనుకునేవాళ్ళు న్యూయార్క్ విందు గురించి తెలుసుకోవాలి. 1951లో అక్కడ ఎక్స్‌ప్లోరర్స్ క్లబ్ అనే సాహసయాత్రికుల సంఘం ఏటా చేసుకునే విందు రూజ్‌వెల్ట్ హోటల్లో పెట్టింది. అందులో మామత్ మాంసం వడ్డించారని ఊరూవాడా చెప్పుకున్నారు. మామత్ కాదు, అంతరించిపోయిన స్లాత్ అనే మహాకాయ జంతువు అని ఇంకో మాట. విందుకి రాలేకపోయిన ఒక సభ్యుడికి ఒక ముక్క పంపిస్తే, ఆయన దాన్ని సీసాలో వేసి, చీటీ అంటించి, మ్యూజియంలో భద్రం చేశాడు. మహానుభావుడు, తినలేదు కాబట్టి నిజం బతికింది. 2016లో యేల్ విశ్వవిద్యాలయం విద్యార్థులు ఆ ముక్కకి డీఎన్‌ఏ పరీక్ష చేశారు. మామత్ కాదు, స్లాత్ కాదు, పచ్చ సముద్రపు తాబేలు. అరవై అయిదేళ్ళపాటు “మేం మామత్ తిన్నాం” అని మనవలకి చెప్పుకున్న తాతగార్ల పరిస్థితి ఊహించుకోండి. తింటున్నప్పుడు వాళ్ళ నాలుకకి ఏమీ తేడా తెలియలేదు. తిన్నది పేరుని కదా.

ఈ వార్త చదివి ప్రపంచమంతా నవ్విందేమో గానీ, వర్షాకాలంలో యానాం మార్కెట్లో చేప కొన్నవాడెవడూ నవ్వడు. సముద్రంలో ఉన్నంతసేపు అది ఇలస. గోదావరికి ఎర్రనీళ్ళు తగిలాక గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురీదుకుంటూ పైకొస్తే పులస. అప్పుడు దాని ధర వేలల్లో పలుకుతుంది, వేలం గెలిచినవాడి పేరు పేపర్లో పడుతుంది. ఆ పేరు పడుతుందనే ఒడిశా నుంచి, బెంగాల్ నుంచి ఐసు పెట్టెల్లో వచ్చిన ఇలస కూడా ఇక్కడ దిగగానే పులసైపోతుంది. బుట్ట ముందు జరిగే విచారణ చూడాలి.

“ఏమ్మా, గోదారిదేనా?”

“ఆయ్, గోదారిదేనండి. మీకు అబద్ధం చెబుతానా అండి?”

“మొన్న మా బావగారికి అమ్మింది కూడా గోదారిదేనన్నావంట.”

“అది కూడా గోదారిదేనండి బాబూ. ఆరికి వండటం రాకపోతే నన్నంటారేంటండి?”

కొనేవాడు మొప్ప ఎత్తి చూస్తాడు. పొట్ట నొక్కుతాడు. పొలుసు వెలుగులోకి పట్టి తిప్పుతాడు. ఇవన్నీ తెలిసినవాడిలా కనిపించడానికి చేసే పనులు. ఆ పక్కన నిలబడ్డ పదిమందికీ ఆయన పులస కొన్నాడని తెలిసిపోయింది, ఇక లోపల ఏ చేప ఉంటే ఏం? డబ్బులిచ్చి, సంచి బయటికి తోక కనబడేలా పట్టుకుని వెళ్ళిపోతాడు. పుస్తెలమ్మైనా పులస తినాలన్న సామెత కట్టినవాడి మెడలో పుస్తెల్లేవని మాత్రం నేను గ్యారంటీ ఇవ్వగలను.

గాడిద విషయానికి వద్దాం, తప్పదు. మన జిల్లాల్లో గాడిద మాంసం తింటే నడుంనొప్పి పోతుందని, ఆయాసం తగ్గుతుందని, చెప్పుకోలేని ఇంకొన్ని శక్తులు వస్తాయని నమ్మేవాళ్ళున్నారు. ఆహార భద్రత నిబంధనల ప్రకారం గాడిద తినే జంతువుల జాబితాలోనే లేదు. అయినా ఆగదు. 2012 పశుగణనలో దేశం మొత్తం మీద సుమారు 3 లక్షల 20 వేల గాడిదలుంటే, 2019కి లక్షా 20 వేలకి పడిపోయాయి. నిజమే, బరువులు మోసే పని ఆటోలకి పోయింది, చాకిరేవులు మూతబడ్డాయి, అన్నీ మన కడుపులోకే వెళ్ళాయనను. 1870లో శత్రుసేనలు పారిస్‌ని చుట్టుముట్టినప్పుడు, ముట్టడి మొదలైన 99వ రోజున, క్రిస్మస్ నాడు, వాజాన్ అనే పెద్ద హోటల్లో కూరిన గాడిద తలకాయ వడ్డించారు. జూలోని ఏనుగుల్ని కూడా ఆ చలికాలంలోనే తినేశారు. వాళ్ళకి ఆకలి. మనకి నడుంనొప్పి.

ఈ మధ్యలో ఈము పక్షి ఒకటి వచ్చి వెళ్ళింది. షెడ్లు వేసినవాళ్ళు బోలెడుమంది, తిన్నవాళ్ళు కొందరు, డబ్బు తిరిగొచ్చినవాళ్ళని చూపిస్తే సన్మానం చేస్తాను.

అంతరించినదాని రుచి గురించి నమ్మదగ్గ సాక్ష్యం ఉన్నది స్టెల్లర్ సముద్రపు ఆవు విషయంలోనే. 1741లో ఉత్తర పసిఫిక్‌లో ఒక దీవి దగ్గర ఓడ పగిలి చిక్కుకుపోయినవాళ్ళలో జార్జ్ స్టెల్లర్ అనే ప్రకృతి శాస్త్రవేత్త ఉన్నాడు. ఆ సముద్రపు ఆవు ఎనిమిది మీటర్ల పొడవు, సాధు జంతువు, సముద్రపు నాచు మేస్తూ ఒడ్డుకి దగ్గర్లోనే తిరిగేది. మాంసం గొడ్డుమాంసంలా బాగుందని, కొవ్వు బాదం నూనెలా ఉందని రాసిపెట్టాడు. అంత వివరంగా రాయకుండా ఉండాల్సింది. 1768కల్లా ఒక్కటీ మిగల్లేదు. 27 ఏళ్ళు. పోనీ రుచి లేకపోతే బతుకుతాయా అంటే, అదీ లేదు. మారిషస్‌లో డోడో పక్షిని డచ్చి నావికులు అసహ్యపు పక్షి అని తిట్టుకుంటూనే తిన్నారు. ఓడల్లో వచ్చిన ఎలుకలు, పందులు గుడ్ల పని చూసుకున్నాయి.

ఇప్పుడు అమెరికాలో కలాసల్ అనే కంపెనీ మామత్‌నీ డోడోనీ తిరిగి తెస్తానంటూ కోట్ల డాలర్లు పోగేసింది. మామత్ దారిలో 2025లో వాళ్ళు సాధించి చూపించింది ఉన్ని బొచ్చున్న ఎలుకలు. మన చేలల్లో ఎలుకబుట్టలు పెట్టేవాళ్ళకి ఈ కబురు ఎవరూ చెప్పకండి, పాపం, ఉన్నవాటితోనే చస్తున్నారు.

వాళ్ళకీ మనకీ తేడా ఎక్కడుందంటే, వాళ్ళు అంతరించిపోయినదాన్ని వెనక్కి తెచ్చి తిందామని చూస్తారు. అంత ఖర్చు మనకెందుకు? మనం ఇంకా అంతరించకముందే తినేస్తాం. కార్తీకమాసంలో యానాం చుట్టుపక్కల వచ్చే చీరమేనునే చూడండి. నూలుపోగంత చేపపిల్లలు. చీర అడ్డం పెట్టి పడతారు, కొలతేసి అమ్ముతారు, మసాలా పెట్టి వండితే గిన్నెడు కూరలో ఎన్ని వందల చేపల భవిష్యత్తు ఉందో లెక్కపెట్టడం బ్రహ్మతరం కాదు. సముద్రంలో చేపలు గుడ్లు పెట్టుకోవాలని ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట ఆపిస్తారు. ఆ గుడ్ల సంగతి కార్తీకంలో మనం చూసుకుంటాం. “వచ్చే ఏడు దొరుకుతుందో లేదోనండి” అని ప్రతి ఏడాదీ అంటాం, అనుకుంటూ ఇంకో కొలత ఎక్కువ కొంటాం.

కార్తీకం అంటే గుర్తొచ్చింది, మామత్ ఉండ మన దాకా వస్తే తేల్చుకోవాల్సిన అసలు సమస్య అదే. ఏ జంతువునీ చంపకుండా పెంచిన మాంసం కదా, సోమవారం ఉపవాసం నాడు తినొచ్చా? మా వీధిలో దీని మీద రెండు పక్షాలయ్యాయి. చంపలేదు కాబట్టి కూరగాయతో సమానం అని ఒకరు, ముక్క ముక్కేనండి అని ఇంకొకరు. మాటా మాటా పెరిగి పంతులుగారి దగ్గరికి వెళ్ళారు. ఆయన కళ్ళజోడు సర్దుకుని, ఆ జంతువు పోయి ఎన్నాళ్ళయిందని అడిగారు. ఆఖరి మామత్‌లు పోయి నాలుగు వేల ఏళ్ళయిందని చెప్పారు.

“అయితే మైల ఎప్పుడో తీరిపోయి ఉంటుంది” అన్నారాయన.

గొర్రె కణాల సంగతి ఆయనకింకా ఎవరూ చెప్పలేదు.