మామగారి కంప్యూటర్‌లో పెంగ్విన్

మా మామగారి కంప్యూటర్ బాగానే పనిచేసేది. ఈ మాట నేనే ముందు చెప్పేస్తున్నా, ఎందుకంటే మా చుట్టాల్లో ఈ కథ ఎవరు ఎవరికి చెప్పినా ఇక్కడి నుంచే మొదలుపెడతారు: "బాగానే పనిచేసేదండీ, అల్లుడుగారు వచ్చేదాకా."

2014లో సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో, సీటీసీలో నాలుగు షాపులు తిరిగి, బేరమాడి, మౌస్ ప్యాడ్ ఊరికే రాబట్టుకుని మరీ కొన్న అసెంబుల్డ్ డబ్బా అది. ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్. మల్కాజిగిరిలో వాళ్ళ ముందు గదిలో, అత్తయ్యగారు అల్లిన క్రోషా ముసుగు కింద, ఫ్రిజ్ కంటే ఎక్కువ మర్యాద పొందుతూ ఉండేది. ఆయుధపూజ రోజున స్కూటరు, కత్తిపీట, మిక్సీ వీటన్నిటితో పాటు దానికీ పసుపూ కుంకుమా పెడతారు. 2025లో దసరా అక్టోబర్ 2న వచ్చింది కదా, నేను వెళ్ళేసరికి పవర్ బటన్ పక్కన ఆ బొట్టు ఇంకా ఆరంజ్ రంగులో అలాగే ఉంది.

ఆ ఆదివారం మామగారు స్క్రీన్ ముందు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. విండోస్ 10కి అక్టోబర్ 14, 2025తో సపోర్ట్ ఆగిపోతుందని దాని మీద పెద్ద నోటీసు. రైల్వేలో ముప్పై ఏళ్ళు చేసిన మనిషి, పైగా కాలనీ సంక్షేమ సంఘానికి కార్యదర్శి, నోటీసు అంటే ఆయనకు చాలా గౌరవం.

"అల్లుడుగారూ, దీని సర్వీసు అయిపోయిందంటున్నారు. పెన్షన్ ఏమైనా ఉంటుందా?" అన్నారు.

విండోస్ 11 ఎక్కించుకోవచ్చు కదా అంటే ఎక్కదు. దానికి టీపీఎం 2.0 అనే చిప్పు కావాలి, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసర్ అన్నా ఉండాలి, మామగారిది నాలుగో తరం. డబ్బా నిక్షేపంగా నడుస్తున్నా పారేసి కొత్తది కొనుక్కోవాలన్నమాట. ఇది వినగానే నా లోపలి మనిషి లేచి కూర్చున్నాడు.

ఆ లోపలి మనిషి గురించి కొంచెం చెప్పాలి. విండోస్ బదులు కంప్యూటర్‌ని నడిపించే ఉచిత వ్యవస్థ లైనక్స్ అని ఒకటుంది, దాని గుర్తు పెంగ్విన్; ఉబుంటు, ఆర్చ్ లాంటివి అందులో రకాలు. నేను ఇంజినీరింగ్‌లో ఉండగా ఉబుంటు వాళ్ళు అడిగినవాళ్ళందరికీ సీడీలు పోస్టులో ఉచితంగా పంపేవారు. నాకూ వచ్చింది. ఫారిన్ కవరని పోస్ట్‌మాన్ ఇరవై రూపాయలు అడిగి పుచ్చుకున్నాడు. లైనక్స్ కోసం నేను ఇప్పటిదాకా పెట్టిన ఖర్చు అదే. అప్పటి నుంచి, కొత్తగా మాల వేసుకున్నవాడు కనపడిన వాడికల్లా నియమాలు చెప్పినట్టు, నేను అందరికీ లైనక్స్ చెబుతూ ఉంటాను. ఆఫీసులో మధ్యాహ్నం డబ్బాలు విప్పగానే మాకు ఇదే గొడవ. ఉబుంటు వాడేవాణ్ణి ఆర్చ్ వాడేవాడు చిన్నచూపు చూస్తాడు, విమ్ వాడేవాడికీ ఈమాక్స్ వాడేవాడికీ మాటల్లేవు. ప్రోగ్రాములు రాసుకునే ఆ రెండు ఎడిటర్ల మూలాలూ 1976 నాటివి, అప్పటికి మాలో ఒక్కడూ పుట్టలేదు, అయినా ఆస్తి తగాదాలా మాకు వంశపారంపర్యంగా సంక్రమించింది.

"మామయ్యగారూ, విండోస్ తీసేద్దాం, లైనక్స్ పెడదాం," అన్నాను. కాఫీ చల్లారేదాకా ఉపన్యాసం. 1991 ఆగస్టులో హెల్సింకీలో లైనస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ళ కుర్రాడు, ఏదో సరదాకి రాస్తున్నాను, ఇది పెద్దదేమీ కాదు అని ప్రకటించి మొదలుపెట్టాడనీ, 2017 నవంబర్ నుంచి ప్రపంచంలోని మొదటి 500 సూపర్ కంప్యూటర్లూ దాని మీదే నడుస్తున్నాయనీ, ఆవకాయలాగా ఎవరింటి కొలతలు వాళ్ళవి అయినా మూలం ఒకటేననీ, చివరికి ఆయన చేతిలో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్ లోపల ఉన్నదీ అదేననీ చెప్పాను.

ఆయన ఫోన్ తిప్పి వెనక వైపు చూశారు. "నా దగ్గర ఉన్నదే అయితే మళ్ళీ ఎక్కించడం ఎందుకండీ?"

మా బావమరిది సోఫాలోంచి నవ్వాడు. వాడిది ఐఫోన్. వాడి నవ్వు ఆపడానికి, 2018 ఫిబ్రవరిలో తెలుగు 'జ్ఞా'ని ఒక తీరులో పంపితే ఐఫోన్లు కుప్పకూలిన సంగతి గుర్తు చేశాను. అంత ఖరీదైన ఫోను జ్ఞానం అన్న మాటలో మొదటి అక్షరం మోయలేకపోయింది. "అదే నెలలో సరిచేశారులే బావా," అన్నాడు. ఆ 'సరిచేశారు' అన్న మాటను వాడు తర్వాత చాలాసార్లు వాడబోతున్నాడని నాకు అప్పుడు తెలీదు.

ముందు బ్యాకప్. నేను బ్యాకప్ తీయలేదని ఎవరైనా అంటే నమ్మకండి, తీశాను. ఆయన ఫోల్డర్లన్నీ, మొత్తం 3 జీబీ, పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించాను. అన్నీ వచ్చాయో లేదో అని నా ల్యాప్‌టాప్‌కి పెట్టి మరీ చూశాను. అంత జాగ్రత్తపరుణ్ణి. దాన్ని తీయకుండానే రెండోది, ఉబుంటు ఎక్కించాల్సిన ఖాళీ పెన్ డ్రైవ్, పక్కనే గుచ్చాను. రెండూ ఒకే షాపులో ఒకే రోజు కొన్నవి, రెండూ 16 జీబీ, రెండూ నలుపు.

పెన్ డ్రైవ్‌లోకి ఉబుంటు రాయడానికి బొమ్మలూ బటన్లూ ఉన్న సాఫ్ట్‌వేర్లు బోలెడు ఉన్నాయి. 'ఇది నిజంగానే చెరిపేయమంటారా?' అని అడుగుతాయి. కానీ మామగారు పక్కన కూర్చుని చూస్తున్నప్పుడు బటన్లు నొక్కుతామా? నల్ల తెర తెరిచి, కమాండ్ కొట్టాను. ఆ కమాండ్ పేరు డీడీ.

"డీడీ అంటే బ్యాంకులో తీసేదా?" అన్నారాయన.

కాదండీ, ఇక్కడ ఉన్నది ఉన్నట్టు అక్కడ రాసేస్తుంది అన్నాను. ఎక్కడ రాయాలో మనమే చెప్పాలి, మొదటి పెన్ డ్రైవ్ అయితే ఎస్‌డీబీ అని, రెండోదైతే ఎస్‌డీసీ అని. ఒక్క అక్షరం తేడా. అది తథాస్తు దేవత లాంటిది, మనం ఏమంటే అది అయిపోతుంది, ఆలోచించుకోమని చెప్పదు. నేను బీ అన్నాను. తథాస్తు అంది. దాదాపు 6 జీబీ ఉబుంటు, 3 జీబీ బ్యాకప్ నెత్తిన, ఈ చివరి నుంచి ఆ చివరికి పడింది.

నాకు తెలీలేదు. తెలిసే అవకాశం ఏది? ఉబుంటు చక్కగా బూట్ అయింది కదా. 'డిస్క్ మొత్తం చెరిపి ఇన్‌స్టాల్ చేయి' అన్నదాని మీద నొక్కాను, ఇరవై నిమిషాల్లో కొత్త తెర వచ్చింది. అత్తయ్యగారు కూడా వచ్చి చూసి రంగు బాగుందన్నారు. జిడ్డు చేత్తో మౌస్ ముట్టుకోకుండా మోచేత్తో చూపిస్తూ "నా గుడ్ మార్నింగ్ బొమ్మలు ఎక్కడుంటాయి బాబూ?" అని అడిగారు. "అన్నీ ఇందులో ఉన్నాయి అత్తయ్యగారూ" అని రెండో పెన్ డ్రైవ్ పెట్టాను.

ఖాళీ.

తీసి మళ్ళీ పెట్టాను. ఊది పెట్టాను. వెనకవైపు పోర్టులో పెట్టాను. చదువుకున్నవాణ్ణి, ఊదితే డేటా రాదని తెలుసు, అయినా ఊదాను.

పోయినవాటిలో కాలనీ మెయింటెనెన్స్ లెక్కలు ఉన్నాయి, అవి రిజిస్టర్లో కూడా ఉన్నాయి కాబట్టి సర్దుకున్నారు. గులాబీలు ఎన్ని పోయినా రేపు పొద్దున్నే మళ్ళీ వస్తాయి. అసలు పోయింది బావమరిది శుభలేఖ మ్యాటర్. కార్తీకంలో పెళ్ళి. శుభలేఖ అంటే మళ్ళీ టైపు చేసుకుంటే అరగంట పని కదా అంటారు మీరు, మా అత్తవారి వైపు చుట్టాలు మీకు తెలీదు. 'ఆహ్వానించువారు' కింద ఎవరి తర్వాత ఎవరి పేరు రావాలి, పెదమామయ్యగారి పేరు ఒంటరి లైన్లో ఉండాలా జంటగానా, వియ్యపురాలి పుట్టింటివాళ్ళను ఎక్కడ సర్దాలి, ఇవన్నీ తేలడానికి మూడు వారాలు పట్టింది. తేలిన వరస ఏ ఒక్కరికీ పూర్తిగా గుర్తులేదు, ఆ ఫైలుకే గుర్తుంది. వాట్సాప్‌లో ఎవరికీ పంపలేదా అంటే, పంపితే మళ్ళీ ఎవరో ఒకరు మార్పు చెబుతారని మామగారు కావాలనే పంపలేదు. మర్నాడు ఛత్తా బజార్‌కి తీసుకెళ్ళి ప్రింటింగ్‌కి ఇద్దామని పెన్సిల్‌తో క్యాలెండర్ మీద రాసుకున్నారు.

"లైనక్స్ రాసినాయనే గిట్ అని ఇంకోటి కూడా రాశాడు కదా బావా, 2005లో? ఏ ఫైలు ఎప్పుడు ఎలా మారిందో అన్నీ దాచిపెడుతుందని మొన్న భోజనాల దగ్గర చెప్పావు?" అన్నాడు బావమరిది. నా దగ్గర నేర్చుకున్నవన్నీ నా మీదే వాడుతున్నాడు. మా ఆవిడ ఏమీ అనలేదు, అదే ఎక్కువ టెన్షన్.

హార్డ్ డిస్క్ చెరిపాం అంటే నిజానికి విషయసూచిక చించేసినట్టే, దాని మీద కొత్తది రాయనంతవరకూ పాత పేజీలు అలాగే ఉంటాయి. పెన్ డ్రైవ్ మీద ఆశ లేదు, దాని మీద ఉబుంటు పడుకుని ఉంది. కానీ 500 జీబీ డిస్క్‌లో కొత్తగా రాసింది కొంచెమే. ఫోటోరెక్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంది, డిస్క్ అంతా గాలించి ఫైళ్ళు ఏరి ఇస్తుంది. రాత్రంతా తిరిగింది. ముందు గదిలో చాప వేసుకుని దాని పక్కనే పడుకున్నాను, ఆస్పత్రిలో పేషంట్ పక్కన అటెండెంట్ లాగా. రెండు గంటలకు మామగారు మంచినీళ్ళకు లేచి, "ఏమంటోంది?" అని గుసగుసగా అడిగి వెళ్ళారు.

పొద్దున్నకల్లా వేల ఫైళ్ళు. కానీ ఫోటోరెక్ ఫైలును తెస్తుంది, పేరును తేలేదు. మామగారు పాపం ఎంత శ్రద్ధగా పేర్లు పెట్టుకున్నారు, 'శుభలేఖ ఫైనల్', 'శుభలేఖ ఫైనల్ 2', 'అమ్మ చూశాక ఫైనల్', 'అసలు ఫైనల్'. ఇప్పుడు అన్నీ ఎఫ్ అక్షరం, పక్కన పొడుగాటి సంఖ్య. వర్డ్ ఫైళ్ళే తొమ్మిది వందల చిల్లర. సరే తెరిచి చూద్దామని ఒకటి తెరిచాను.

డాలర్ గుర్తులు, హ్యాష్‌లు, యూరో గుర్తులు, నెత్తిన చుక్కలున్న ఏవో జర్మన్ అక్షరాలు. ఇంకోటి తెరిచాను, అదే. మామగారు టైపు చేసేది అను ఫాంట్లలో. అందులో తెలుగు నిజంగా తెలుగు కాదు. కంప్యూటర్ లెక్కలో అవి ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులే, ఫాంట్ వాటికి తెలుగు వేషం కడుతుంది. డాలర్ కాస్తా ఏ కొమ్ముగానో తలకట్టుగానో కనిపిస్తుందన్నమాట. వేషం తీస్తే అసలు ముఖం ఇదీ. లైనక్స్ పుట్టిన ఆ 1991లోనే వచ్చిన యూనికోడ్ మొదటి కూర్పులో తెలుగుకి 128 గళ్ళు ప్రత్యేకంగా కేటాయించారు, ఆ గళ్ళలో టైపు చేస్తే ఏ సిస్టమ్‌లో అయినా తెలుగు తెలుగులాగే ఉంటుంది. ఇదంతా మామగారికి చెప్పబోయి ఆయన ముఖం చూసి మానేశాను. వేషాల పెట్టె, అంటే ఫాంట్, విండోస్‌తో పాటే నిన్న పోయింది.

ఆ ఫైళ్ళన్నీ ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించుకుని, మామగారిని బండి వెనక కూర్చోబెట్టుకుని ఛత్తా బజార్ వెళ్ళాను. ఆ వీధిలో అటూ ఇటూ శుభలేఖల దుకాణాలే. మామగారు ఇవ్వాలనుకున్న షాపు మేడ మీద, ఇరుకు మెట్లు, పైన ఒక్క ఫ్యాన్ కింద డీటీపీ ఆపరేటర్. యాభై ఏళ్ళుంటాయి. కీబోర్డు మీద అక్షరాలు అరిగిపోయి కొన్ని బొత్తిగా లేవు. కంప్యూటర్ తెర మీద పచ్చని కొండ, నీలాకాశం. విండోస్ ఎక్స్‌పీ!

తొమ్మిది వందల ఫైళ్ళలో శుభలేఖ ఏదో తెలియడం లేదని నా ల్యాప్‌టాప్ చూపించాను. ఆయన కళ్ళజోడు నుదుటి మీదకు నెట్టి, "కిందికి పోనీ సార్... ఇంక... ఇది కాదు, ఇది లెటరు... పోనీ... ఆగు. గిది లగ్గం పత్రికనే," అన్నాడు.

నేను నోరు తెరిచాను. తెర మీద ఉన్నది అదే డాలర్ల గుంపు. ఎలా తెలిసిందన్నాను. ఆయన వేలితో పై లైను చూపించాడు. "మొదటి లైన్ల మూడు మాటలు సార్. మూడింటి ఎనక ఒకటే ముక్క ఉన్నది చూడు. శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు. ఇంకేముంటది?"

స్తు, స్తు, స్తు. నిజమే. ఒకే మూడు గుర్తులు, మూడు మాటల చివరా. రహస్యలిపులు విప్పడం గురించి నేను కాలేజీలో ఒక పూర్తి సెమిస్టర్ చదివాను, డెబ్బై రెండు మార్కులు కూడా వచ్చాయి.

పావుగంటలో పద్నాలుగు శుభలేఖలు ఏరి పక్కన పెట్టాడు. వాటిని తన డబ్బాలో తెరిస్తే అన్నీ బంగారంలా తెలుగులోకి వచ్చేశాయి. మామగారు నిలబడే ఒక్కొక్కటీ చదివి, పదకొండో దాని దగ్గర "ఇదే, అన్నయ్యగారు ఒంటరి లైన్లో ఉన్నారు" అని ఊపిరి పీల్చుకున్నారు. మూడు వందల కార్డులు, అడ్వాన్సు ఇచ్చేశాం. ఫైళ్ళు వెతికినందుకు ఎంత అంటే ఆ పెద్దమనిషి చాయ్ చెప్పించి, ఏమీ వద్దన్నాడు.

అక్కడితో ఊరుకుని మెట్లు దిగితే సరిపోయేది. కానీ లోపలి మనిషి ఊరుకోడు కదా. "అన్నా, ఇంకా ఎక్స్‌పీ ఏంటి? దీనికి 2014లోనే సపోర్ట్ ఆపేశారు," అన్నాను.

"అవునా సార్?" అన్నాడాయన, కొత్త కార్డుకి వినాయకుడి బొమ్మ జరుపుతూ. "నెట్టు పెట్టలే దీనికి. గందుకే నాకు తెల్వనే లేదు."

మామగారు చాయ్ గ్లాసు కింద పెట్టారు. ఆ పచ్చని కొండ వైపు చూశారు, నా వైపు చూశారు.

"పదకొండేళ్ళ కిందట ఆపేశారా?"

"అవునండీ."

"ఇంకా నడుస్తోంది?"

ఇంటర్నెట్‌కి కలిపితే ప్రమాదమనీ, వైరస్‌లనీ, భద్రతా లోపాలనీ చార్మినార్ నుంచి మల్కాజిగిరి దాకా హెల్మెట్లోంచి వెనక్కి అరుస్తూనే చెప్పాను, అవన్నీ నిజాలే. ఆయన విన్నారో లేదో తెలీదు. ఇంటి ముందు దిగి, గేటు తీస్తూ, "వచ్చే దసరాకి కంప్యూటర్ పూజ నేను చూసుకుంటానులెండి," అన్నారు, "మీరు స్కూటర్ కడగండి."