రెండో గది తాళం

మా పిన్ని కూతురు మొన్న ఫోన్ చేసింది. వాళ్ళ పెద్దవాడికి సియాటిల్‌లో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాడు, వాడి గది కూడా ఖాళీ అయింది. "ఒక గది ఎలాగూ రోజుల అద్దెకి ఇస్తూనే ఉన్నాం కదక్కా, రెండోది కూడా పెట్టేస్తే రెట్టింపు వస్తుంది" అంది. నేను అడిగింది ఒకటే: "మీ మేడ మీద బాత్రూమ్‌లు ఎన్ని?"

అదేం ప్రశ్న అన్నట్టు నవ్వేసింది. ఆ నవ్వు వినే ఇది రాయాలనిపించింది.

డబ్బు తీసుకుని ఇంట్లో మనుషుల్ని ఉంచుకోవడం నామోషీ అనుకునేవాళ్ళు మనలో ఇంకా ఉన్నారు. నేను ఆ జట్టు కాదు. మా అత్తగారు వచ్చినప్పుడు "ఇల్లు సత్రం చేశావేమిటే" అన్నారు. సత్రమైతే ఊరికే పెట్టాలి, ఇది పూటకూళ్ళ ఇల్లు అత్తయ్యా అన్నాను. మనకది కొత్తా ఏమన్నానా! ఓరుగల్లులో ఒక్క రూకకి సన్నబియ్యం అన్నం, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన నెయ్యి, పెసరపప్పు, అరటిపళ్ళు, గడ్డపెరుగు పెట్టిన ఒక ఇంటి మీద పాత పద్యమే ఉంది. ఇంటాయన పేరు, వంటకాలు, రేటు అన్నీ అందులోనే. ఇవాళైతే ఫైవ్ స్టార్ రివ్యూ అంటాం.

కాబట్టి మొదటి గది మీద నాకు పేచీ లేదు. డల్లాస్‌కి ఉత్తరాన ఉన్న మా ఇంట్లో అబ్బాయి గదిని మూడేళ్ళుగా రోజుల లెక్కన ఇస్తున్నాం. ఆగస్టులో యూటీ డల్లాస్ యూనివర్సిటీకి వచ్చే పిల్లలు అపార్ట్‌మెంట్ చేతికొచ్చేదాకా ఉంటారు. గ్రాడ్యుయేషన్‌కి వచ్చే తల్లిదండ్రులు, కొత్త ఉద్యోగంలో చేరి కారు కూడా కొనుక్కోని కుర్రాళ్ళు వస్తుంటారు. ఇంట్లో ఒక్కరే ఉంటే రెండో రోజుకల్లా వాళ్ళ పద్ధతి మనకీ, మన పద్ధతి వాళ్ళకీ తెలిసిపోతుంది. ఎప్పుడు స్నానం చేస్తారో, ఏ పెట్టెలో ఇన్‌స్టంట్ ఉప్మా దాచారో కూడా. ఏదైనా తేడా వస్తే మన రెండు వర్గాల మధ్యే. మాట్లాడుకుంటే సరిపోతుంది.

అమ్మాయి కూడా కాలేజీకి వెళ్ళాక, రెండేళ్ళ కిందట ఆమె గదినీ పెట్టాం. ఆ రెండు గదుల మధ్య ఒకటే బాత్రూమ్. అటొక తలుపు, ఇటొక తలుపు. లోపలికి వెళ్ళినవాళ్ళు రెండు తలుపులూ గడియ వేసుకుని, వచ్చేటప్పుడు రెండూ తీసి రావాలి. మా పిల్లలు పదేళ్ళు దీని మీదే కొట్టుకున్నారు. తెలిసి తెలిసీ బయటివాళ్ళని పెట్టాం.

ఒకరోజు తెల్లవారుజామున నాలుగున్నరకి మెట్ల కింద ఎవరో నిలబడి ఉన్నారు. అమ్మాయి గదిలో దిగిన పెద్దాయన. భుజాన తువ్వాలు, చేతిలో బ్రష్, ముఖంలో చెప్పలేని మొహమాటం. ఏడింటికి ఫ్లైట్. అటు గదిలో కుర్రాడు రాత్రి స్నానం చేసి, ఇటువైపు గడియ తీయడం మరిచి పడుకున్నాడు. తలుపు కొడితే లేవలేదు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు. ఆ పెద్దాయన్ని మా పడకగదిలోంచి, గురక పెడుతున్న మా ఆయన పక్కనుంచి, మా బాత్రూమ్‌కి తీసుకెళ్ళాను. ఆయనే నాకు నాలుగుసార్లు సారీ చెప్పారు.

నేను ఆ రోజే గ్రహించాను. ఒక గది ఇచ్చినప్పుడు మనం అతిథితో బతుకుతాం. రెండు గదులు ఇచ్చినప్పుడు ఒకరికొకరు ఏమీ కాని ఇద్దరి మధ్య పంచాయతీ చేస్తూ బతుకుతాం. వంటింట్లో ఎవరి పాలు ఎవరు వాడారు, ఏసీ ఎవరు తగ్గించారు, అర్ధరాత్రి ఫోన్‌లో ఎవరు మాట్లాడారు, అన్నీ మన దగ్గరికే. డబ్బు రెట్టింపు, టెన్షన్ మాత్రం నాలుగింతలు.

చాకిరీ సంగతి సరేసరి. పదకొండింటికి ఒకరు ఖాళీ చేస్తారు, మూడింటికి ఇంకొకరు దిగుతారు. రెండు గదులదీ ఒకే రోజు పడితే వాషర్ ముందు కాపలా కాయాల్సిందే. రెండో గది పెట్టాలన్న ఆలోచన మొదట వచ్చింది మా ఆయనకి. ఆయనకి షీట్ అంటే ఎక్సెల్‌లోది. నాకు షీట్ అంటే మంచం మీదది.

న్యూయార్క్ నగరం ఈ గొడవని చట్టంలోనే తేల్చేసింది. 2023 సెప్టెంబరు నుంచి గట్టిగా అమలుచేస్తున్న నిబంధనల ప్రకారం, నెలలోపు అద్దెకైతే ఇంటివాళ్ళు ఇంట్లో ఉండాలి, డబ్బిచ్చే అతిథులు ఇద్దరికి మించకూడదు, అతిథి తన గదికి తాళం వేసుకుని వెళ్ళే వీలుండకూడదు. వచ్చినవాళ్ళు ఇంట్లో మనిషిలా ఉండాలన్నది దాని సారం. మరీ కఠినమని చాలామంది తిట్టుకున్నారు. ఆ తెల్లవారుజాము అనుభవం తర్వాత నాకు సబబుగానే కనిపిస్తోంది.

మా వైపు కథ వేరు. డల్లాస్ కౌన్సిల్ 2023 జూన్‌లో ఇళ్ళ కాలనీల్లో ఈ తాత్కాలిక అద్దెలే వద్దంది, ఆ ఏడాది చివర్లో కోర్టు దాన్ని ఆపింది. శివారుల్లో ఊరికో నియమం, కొన్నిచోట్ల పైన హెచ్‌ఓఏ, అంటే కాలనీ ఇళ్ళవాళ్ళ సంఘం. రాష్ట్రం 6 శాతం హోటల్ పన్ను, ఊరి పన్ను విడిగా. ఇంటి బీమాల్లో చాలావాటికి వ్యాపారం చేస్తే వర్తించదనే షరతు ఉంటుంది, పాలసీ తీసి చదవండి. హెచ్‌1బీ మీద ఉన్నవాళ్ళు ఇంకా జాగ్రత్త. పిటిషన్ వేసిన కంపెనీకే పనిచేయాలి, టిఫిన్లు పెట్టి గదులు ఊడ్చి డబ్బు తీసుకోవడం పని కిందికి రావచ్చు. ముందు లాయర్ని అడగండి.

సొంతంగా ఉండే ఇంటిని ఏడాదిలో 15 రోజులకన్నా తక్కువ అద్దెకిస్తే ఆ ఆదాయం మీద ఫెడరల్ పన్ను లేదు. మా మరిదిగారు "గదికి 14 చొప్పున 28 కదా వదినా" అన్నారు. లెక్క ఇంటికి బాబూ, గదికి కాదు!

ఇక్కడ ఆస్తిపన్ను ఎంత భారమో నాకు తెలియంది కాదు. లేఆఫ్ వచ్చిన ఇంట్లో రెండో గది అద్దె కిస్తీకి ఆసరా. అలాంటివాళ్ళు ఆ గదిని నెలల లెక్కన ఒకే మనిషికి ఇవ్వండి. ముందే రాసుకుని వరుసగా 30 రోజులు, ఆపైన ఉంటే హోటల్ పన్ను కూడా ఉండదు. గడియ ఎలా తీయాలో ఒక్కసారి చెబితే చాలు.

ఈ ఆగస్టుకి ఖమ్మం నుంచి ఇద్దరు క్లాస్‌మేట్లు వస్తున్నారు. రెండు గదులూ కావాలేమో అనుకున్నాను. "ఒక్కదాంట్లోనే సర్దుకుంటాం ఆంటీ" అన్నారు. కింద ఇంకో పరుపు వేస్తాను. అమ్మాయి గదిలో కుట్టుమిషన్ పెట్టుకున్నాను, బాత్రూమ్‌కి ఆ వైపు తలుపు గడియ పీకించేశాను.